పేషెంట్‌ను చేత్తో, చెవితో, కంటితో పరీక్షించడం అసిస్టెంట్లకు ఎలా నేర్పాలి?

విభాగం: నర్సింగ్, పారామెడికల్ | వరంగల్, హనుమకొండ, చుట్టుపక్కల జిల్లాలు

హనుమకొండ_ఇన్‌చార్జ్
అందరికీ నమస్కారం. హనుమకొండలో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో నర్సింగ్ ఇన్‌చార్జ్‌ని. ఈ ఏడాది మా దగ్గర కొత్త పిల్లలు చేరారు. కొందరు ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు) చదివినవాళ్ళు, ఇద్దరు ఫిజీషియన్ అసిస్టెంట్ డిగ్రీ చేసినవాళ్ళు. ఓపీలో డాక్టర్ గారి కన్నా ముందు పేషెంట్‌ను చూసి నాడి, బీపీ, శ్వాస, జ్వరం, కాళ్ళ వాపు, రక్తహీనత లాంటివి రాసిపెట్టడం వీళ్ళ పని. రాత్రిపూట వార్డులో ఏదైనా తేడా కనిపిస్తే డ్యూటీ డాక్టర్‌ను లేపాలి. ట్రెయినింగ్ బాధ్యత నాకు అప్పజెప్పారు.

నోటితో అడిగితే అన్నీ చెప్తారు. ఇన్‌స్పెక్షన్, పాల్పేషన్, పర్కషన్, ఆస్కల్టేషన్ (చూడటం, చెయ్యి వేసి చూడటం, వేలితో తట్టడం, స్టెతస్కోప్‌తో వినడం) అని గడగడా అప్పజెప్పేస్తారు. మంచం పక్కన నిలబెడితే చెయ్యి ఎక్కడ వేయాలో తెలియదు. కేస్ షీట్లు తిరగేస్తే వార్డు మొత్తానికి శ్వాస 18 లేదా 20. సగం మందికి బీపీ 120/80. ఆస్తమాతో కూర్చుని ఊపిరి లాగుతున్న ముసలాయనకు కూడా 18 రాసి ఉంది. వాళ్ళను తిట్టి లాభం లేదు, ఇంతవరకు ఎవరూ పక్కన నిలబడి చూపించలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు నేర్పాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

కాజీపేట_ఫిజీషియన్
సిస్టర్, ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. పరీక్ష చేయడం నేర్చుకున్న పిల్లవాడు రెండేళ్ళకు ఊరికి పోయి బోర్డు పెడితే? మన జిల్లాల్లో మోకాళ్ళ నొప్పులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మామూలు జ్వరానికి సెలైన్లు ఎవరు ఎక్కిస్తున్నారో మనకు తెలియనిది కాదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో ఫిజీషియన్ అసిస్టెంట్లకు చోటు దొరికింది, సంతోషమే. అయినా వాళ్ళు పనిచేయాల్సింది డాక్టర్‌తో కలిసే.

అందుకే మీ మొదటి క్లాసు నాడి గురించి పెట్టకండి, హద్దు గురించి పెట్టండి. కనిపించింది, వినిపించింది, చేతికి తగిలింది రాయాలి. జబ్బు పేరు రాయకూడదు. "కుడివైపు వీపు కింద గాలి శబ్దం తక్కువగా ఉంది" అని రాస్తే నాకు పనికొస్తుంది. "న్యుమోనియా" అని రాస్తే పనికిరాదు. పేషెంట్ ముందు ఆ మాట అంటే ఇంకా నష్టం.

క్యాజువాలిటీ_రాత్రిడ్యూటీ
సార్, హద్దు విషయంలో మీ మాటే నా మాట. కానీ ఊళ్ళో బోర్డు పెడతారేమో అన్న భయంతో నేర్పడంలో పిసినారితనం చేస్తే దెబ్బ పేషెంట్‌కే తగులుతుంది. పత్తి సీజన్‌లో మన దగ్గరికి పురుగుల మందు తాగిన కేసులు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు కేసును డాక్టర్ గారు చూసి విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టి వెళ్తారు. తర్వాత రాత్రంతా మంచం పక్కన ఉండేది ఎవరు? ఈ పిల్లలే.

వచ్చినప్పుడు కంటిపాప సూదిమొనంత చిన్నగా ఉంటుంది. నోట్లో చొంగ, ఒళ్ళంతా చెమట, కండరాలు అక్కడక్కడా పురుగు పాకినట్టు అదురుతుంటాయి, నాడి నెమ్మదిగా ఉండొచ్చు. అట్రోపిన్ సరిపోతోందా అని చూడాలంటే ఛాతిలో గురగుర, పిల్లికూత తగ్గిందా, నాడి 80 దాటిందా, పై బీపీ 80 పైన ఉందా, చంకలో చెయ్యి పెడితే పొడిగా ఉందా చూడాలి. చాలామంది కంటిపాప పెద్దదైందా అని దాని మీదే కూర్చుంటారు. ఛాతి శుభ్రపడటం దానికన్నా ముఖ్యం. అదే మందు ఎక్కువైతే ఒళ్ళు కాలిపోతుంది, మనిషి తిక్కతిక్కగా మాట్లాడతాడు, మంచం దిగబోతాడు, కడుపులో పేగుల శబ్దం వినిపించదు, మూత్రం ఆగిపోతుంది.

ఇవన్నీ చేత్తో, చెవితో, కంటితో తెలిసేవే, మెషిన్ అక్కర్లేదు. ఇంకో సంగతి, గ్లోవ్స్ వేసుకుని ముందు బట్టలు తీసేసి ఒళ్ళు కడిగించాలి. అది నేర్పకుండా స్టెతస్కోప్ నేర్పొద్దు.

కాజీపేట_ఫిజీషియన్
ఇందులో నాకు అభ్యంతరం లేదు. మీరు రాసినదాంట్లో జబ్బు పేరు పెట్టడం ఎక్కడా లేదు, గమనించి చెప్పడమే ఉంది. నేను అడుగుతున్నదీ అదే.

ఇన్‌చార్జ్ గారూ, బీపీతో మొదలుపెట్టండి. అందరూ తమకు వచ్చనుకునేది, ఎక్కువమంది తప్పు చేసేది అదే. పేషెంట్ వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవాళ్ళకు వెంటనే కఫ్ (బీపీ మెషిన్ పట్టీ) చుట్టేస్తారు మనవాళ్ళు. అరగంట లోపు టీ తాగినా, బీడీ కాల్చినా రాయాలి. మూత్రం ఆపుకుని కూర్చుంటే కూడా పెరుగుతుంది. చేయి గుండె ఎత్తులో, బల్ల మీద ఆనించి ఉండాలి. చూస్తున్నప్పుడు వాళ్ళూ మాట్లాడకూడదు, మనమూ మాట్లాడకూడదు. మన ఓపీల్లో ఈ ఆఖరిదే కష్టం, "పిల్లలెంతమంది, ఎక్కడి నుంచి వచ్చిన్రు" అంటూనే గాలి కొడతారు.

కఫ్ లోపలి గాలి సంచి పొడవు మోచేతికి, భుజానికి మధ్య చేతి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ వస్తుంది, దానికి జీవితాంతం మందు మింగుతారు. ముందు మణికట్టు నాడి మీద వేళ్ళు పెట్టి, నాడి ఎక్కడ మాయమైందో చూసి గాలి వదిలేయాలి. రెండోసారి దానికి 30 పైకి కొట్టి, సెకనుకు 2–3 చొప్పున దించుతూ వినాలి. ఈ మొదటి మెట్టు ఎవరూ చేయరు. కొందరికి మధ్యలో శబ్దం మాయమై మళ్ళీ వస్తుంది. అలాంటివాళ్ళకు ఈ మెట్టు దాటేస్తే 190 ఉన్నది 150 అని రాసేస్తారు. ఈ శబ్దాలను రష్యన్ డాక్టర్ కొరోట్కోవ్ 1905లో చెప్పాడు. ఇన్నేళ్ళైనా వాటిని సరిగ్గా వినే చెవులు తక్కువే.

ఇంకోటి, డయల్ మీద ఒక్కో గీతకు 2 చొప్పున ఉంటుంది. చేత్తో కొట్టి చూశామని 125/77 రాస్తే ఆ అంకె డయల్ మీది కాదని అర్థం. డిజిటల్ మెషిన్‌కు బేసి సంఖ్య రావచ్చు. కేస్ షీట్లు చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

పీఏ_రెండోఏడు
సార్, మీరు చెప్పినవి ఇప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేను ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు రెండో ఏడాది. మాకు మ్యానికిన్ (మనిషి బొమ్మ) మీద చూపిస్తారు, దాని చేతిలో శబ్దం బాగానే వినిపిస్తుంది. నిజం మనిషి దగ్గర ఏమీ వినపడదు, టెన్షన్‌తో నా గుండె చప్పుడే వినిపిస్తుంది. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

కాజీపేట_ఫిజీషియన్
చెల్లె, ముందు చెవిగొట్టాలు ముక్కువైపు వంగేలా పెట్టుకుంటున్నావా చూసుకో. తిప్పి పెట్టుకుంటే సగం శబ్దం పోతుంది. రెండు జతల చెవిగొట్టాలున్న టీచింగ్ స్టెతస్కోప్ దొరుకుతుంది. ఒకటి నువ్వు, ఒకటి నేర్పేవాళ్ళు పెట్టుకుని ఒకేసారి ఒకే చేతిని వినాలి. ఎవరి అంకె వాళ్ళు విడిగా కాగితం మీద రాసి తర్వాత పోల్చాలి. 4 కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్ళీ చూడాలి. బీపీ నేర్పడానికి నాకు ఇంతకన్నా మంచి పద్ధతి కనిపించలేదు.

నర్సంపేట_పల్లెదవాఖాన
నేను పల్లె దవాఖానలో మిడ్‌లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌ని, అంటే ఎంఎల్‌హెచ్‌పీని. మాకు తండాల నుంచి చాలామంది వస్తారు. సార్ చెప్పినట్టు కఫ్ చుట్టాలంటే పెద్దవయసు లంబాడీ అమ్మలకు మోచేతి పైన భుజం దాకా గాజులుంటాయి. కొందరివి వస్తాయి, కొందరివి ఏళ్ళ తరబడి తీయనివి, లాగితే చర్మం లేస్తుంది. కొత్త పిల్లలు ఏం చేస్తారంటే గాజుల మీదనే కఫ్ చుడతారు, లేకపోతే అంచనాగా రాసేస్తారు. రెండూ తప్పే. ముందు అడగాలి, "అమ్మా, ఇవి వస్తాయా" అని. రాకపోతే ముంజేతికి సరిపడే కఫ్ చుట్టి, ఆ చేతిని గుండె ఎత్తులో పెట్టి, ముంజేతి మీద చూశామని చీటీలో రాయాలి. మోచేతి పైన చూస్తే వచ్చే అంకెకు, దీనికి తేడా ఉంటుంది. తర్వాత వచ్చినప్పుడు కూడా అదే చోట చూస్తేనే పెరిగిందా తగ్గిందా తెలుస్తుంది.

రవిక చేతులు బిగుతుగా ఉంటే పైకి మడిచి తాడులా చేసి దాని కింద కఫ్ పెట్టడం ఇంకో అలవాటు. ఆ మడత పట్టీలా బిగిసిపోతుంది.

ఆషాఢం వస్తే ఊరంతా మైదాకు. నల్లగా పండిన గోరు మీద పల్స్ ఆక్సీమీటర్ పెట్టి 88 చూపించిందని హడావుడి చేస్తారు. మనిషి హాయిగా మాట్లాడుతుంటే ముందు వేలు మార్చి చూడాలి, కాలివేలు చూడాలి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వేడెక్కించాలి. అలాగని అన్నిసార్లూ మైదాకు మీదకు తోసేయకూడదు. మార్చి చూసినా తక్కువే ఉంటే నమ్మాలి.

రక్తహీనతకు కింది కనురెప్ప ఒక్కటే చూసి ఊరుకోవద్దని చెప్పండి. నాలుక, అరచేయి, గోళ్ళు కూడా చూడాలి. కామెర్లు చూసేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద వద్దు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాలి. కాళ్ళ వాపుకు బొటనవేలితో కాలి ఎముక మీద కనీసం 5 సెకన్లు నొక్కి పట్టి, తీశాక గుంట పడిందా చూడాలి. కడియాలు, పట్టీల గుర్తును వాపు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

హనుమకొండ_ఇన్‌చార్జ్
అక్కా, గాజుల సంగతి ఏ పుస్తకంలోనూ చూడలేదు. మహబూబాబాద్ వైపు నుంచి మాకూ అలాంటి పేషెంట్లు చాలామంది వస్తారు. ఇది రేపే చెప్తాను.

శ్వాస లెక్క గురించి ఎవరైనా చెప్పండి. అన్నిటికన్నా ఎక్కువగా అబద్ధం రాసేది అక్కడే.

పిల్లలవార్డు_సిస్టర్
శ్వాస గురించి నేను చెప్తాను. పిల్లల వార్డులో మాకు అదే ప్రాణం.

నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చిస్తే చిన్నపిల్లల దగ్గర మోసపోతాం. వాళ్ళ ఊపిరి ఒకే తీరున సాగదు, కాసేపు గబగబా తీసుకుంటారు, కాసేపు ఆగుతారు. బిడ్డ ఏడుస్తుంటే లెక్క పనికిరాదు. తల్లి ఒళ్ళోనే ఉంచి, వీలైతే నిద్రపోతున్నప్పుడు, చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతి కనిపించేలా పెట్టి లెక్కపెట్టాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే రెండు చేతులూ, రెండు కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, 2 నుంచి 11 నెలల దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు. అంతకు చేరితే వేగంగా ఊపిరి తీసుకుంటున్నట్టే. రెండు నెలల లోపు బిడ్డకు 60 దాటితే ఇంకోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి.

తర్వాత డొక్కలు ఎగరేయడం. బిడ్డ ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు ఛాతి కింది భాగం బయటికి రావాలి. అది లోపలికి పోతుంటే వెంటనే డాక్టర్‌ను పిలవాలి, అంకె ఎంతున్నా సరే. దీన్ని నేర్పడానికి మాటలు చాలవు. మామూలు బిడ్డ ఒకరిని, డొక్కలెగరేసే బిడ్డ ఒకరిని పక్కపక్కన మంచాల మీద చూపిస్తే ఇక జన్మలో మర్చిపోరు. వీడియోల్లో చూపించినా కొంత ఉపయోగం.

పెద్దవాళ్ళ దగ్గర చిక్కేమిటంటే "మీ శ్వాస చూస్తున్నాను" అనగానే ఊపిరి మార్చేస్తారు. నాడి పట్టుకున్నట్టే మణికట్టు వదలకుండా, కళ్ళు మాత్రం ఛాతి మీదకు మార్చి లెక్కపెట్టాలి.

క్యాజువాలిటీ_రాత్రిడ్యూటీ
సిస్టర్ చెప్పినదానికి తోడు, ఎప్పుడు డాక్టర్‌ను లేపాలో ముందే గోడ మీద రాసి పెట్టాలి. "ఎక్కువ అనిపిస్తే పిలువు" అంటే కొత్త పిల్లలు పిలవరు, తిడతారేమోనని భయం. బ్రిటన్‌లో డాక్టర్ల రాయల్ కాలేజీ 2012లో పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని ముందే పట్టుకునే ఒక స్కోరు తెచ్చింది, 2017లో సవరించింది. దాంట్లో ఒక్కటి వచ్చినా వెంటనే పిలవాలన్న అంకెలున్నాయి. పెద్దవాళ్ళకు శ్వాస 25 లేదా ఎక్కువ, 8 లేదా తక్కువ. ఆక్సిజన్ 91 లేదా తక్కువ. పై బీపీ 90 లేదా తక్కువ, 220 లేదా ఎక్కువ. నాడి 40 లేదా తక్కువ, 131 లేదా ఎక్కువ. జ్వరం సంగతికొస్తే ఒళ్ళు చల్లబడి 35 సెల్సియస్ లేదా తక్కువ. కొత్తగా తికమకగా మాట్లాడటం. మీ డాక్టర్లతో కూర్చుని మీ హాస్పిటల్‌కు తగ్గట్టు ఒప్పందం చేసుకోండి. పాత దమ్ము జబ్బు ఉన్నవాళ్ళకు ఆక్సిజన్ హద్దు వేరుగా పెడతారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు మీ దగ్గరికి వస్తుంటారు కదా, ఊపిరి సమస్య ఉన్నవాళ్ళకు ఇది డాక్టర్‌ను ముందే అడిగి షీట్ మీద రాయించుకోండి.

డెంగీ రోజుల్లో ఇంకొకటి. పై బీపీ బాగానే ఉంది కదా అని వదిలేయొద్దు. పై అంకెకు, కింది అంకెకు తేడా 20 లేదా తక్కువకు వస్తే అది ప్రమాదం. 100/80 చూసి "నార్మల్" అని రాసేవాళ్ళు ఉన్నారు. చేతులు, కాళ్ళు చల్లబడ్డాయా, గోరు నొక్కి వదిలితే రంగు 2 సెకన్లలో తిరిగొస్తుందా చూడాలి.

రిటైర్డ్_సింగరేణి
నేను డాక్టర్‌ను కాను. భూపాలపల్లిలో బాయిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊపిరితిత్తుల జబ్బు ఉంది. పరీక్షలప్పుడు పిల్లలకు చూపించడానికి నన్ను కేసుగా పిలుస్తుంటారు, పోతుంటాను. పేషెంట్ వైపు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

వచ్చినవాడు ముందు తన పేరు చెప్పి, "తాతా, మీ ఛాతి చూస్తాను, మీకు సరేనా" అని అడిగితే సగం పరీక్ష పాసైనట్టే నా లెక్కల. చేతులు వేడిగా రుద్దుకుని వేస్తే ఇంకా మంచిది. కొందరు వచ్చుడు వచ్చుడే చొక్కా లేపుతారు. కొందరు నలుగురైదుగురు గుంపుగా వచ్చి ఒకరి తర్వాత ఒకరు "గట్టిగా ఊపిరి తీసుకోండి" అంటే మూడోవాడి దగ్గరికే నాకు కళ్ళు తిరుగుతాయి. దమ్ము ఉన్న మనిషితోని అన్నిసార్లు గట్టిగా ఊపిరి తీయించొద్దని మీ క్లాసులో చెప్పండి. మధ్యలో ఆగి "కూర్చోండి, అలిసిపోయారా" అని అడగమనండి.

పరీక్ష అయినంక చొక్కా గుండీలు పెట్టుకునే దాకా ఆగాలి. తెర తీసి పోవద్దు. ఆడవాళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు.

పీఏ_రెండోఏడు
తాతగారూ, థాంక్సండి. మీరు చెప్పినవి మా బ్యాచ్ గ్రూప్‌లో పెడతాను.

నర్సంపేట_పల్లెదవాఖాన
తాతగారు ఆడవాళ్ళ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. మగ అసిస్టెంట్ ఆడ పేషెంట్‌ను చూసేటప్పుడు ఇంకో ఆడమనిషి స్టాఫ్ గదిలో ఉండాల్సిందే. అత్త, ఆడబిడ్డ ఉన్నారు కదా అంటే కుదరదు, వాళ్ళ ముందు చెప్పలేని మాటలు ఉంటాయి. చీర, రవిక మీద నుంచి స్టెతస్కోప్ పెట్టడం కూడా మానిపించాలి. గుడ్డ రాపిడి శబ్దమే ఊపిరితిత్తుల శబ్దంలా వినిపిస్తుంది. అడిగి, రవిక అంచు కింద నుంచి స్టెతస్కోప్ బిళ్ళ (డయాఫ్రమ్) జరిపితే వీపు కింది భాగం అంతా వినొచ్చు, ఏమీ విప్పించక్కర్లేదు. మగవాళ్ళకు ఛాతి మీద వెంట్రుకలుంటే అదీ చిటపటలాడుతుంది, కాస్త గట్టిగా నొక్కాలి. నోరు తెరిచి ఊపిరి తీసుకోమనాలి. ఒకవైపు విన్న చోటే రెండోవైపు కూడా వినాలి, కుడి ఎడమలు పోల్చినప్పుడే తేడా తెలుస్తుంది.

జనగామ_రైతుబిడ్డ
నేను చదువుతూ వస్తున్నాను. మా నాయనకు షుగర్. ఇన్నేళ్ళలో ఎన్ని చోట్ల చూపించామో, రక్తం తీసుకున్నారు, మందులు రాశారు, ఒక్కరు కూడా కాళ్ళు చూడలేదు. మడమ పగిలి లోపల పుండైన దాకా మాకూ తెలియలేదు, ఆయనకు నొప్పే లేదు. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే మనిషి. మీరు నేర్పేవాటిలో కాళ్ళు చూడటం కూడా పెట్టండి దయచేసి.

కాజీపేట_ఫిజీషియన్
తమ్ముడూ, నాయన ఇప్పుడెలా ఉన్నారు? పుండు మానే దాకా ఆ కాలి మీద బరువు పడకుండా చూడండి, డ్రెస్సింగ్ ఆపొద్దు.

మీరు రాసింది నూటికి నూరుపాళ్ళు అసిస్టెంట్ల చేతుల్లో పెట్టదగ్గ పని. ఓపీలో నా ముందు కూర్చున్న పేషెంట్‌కు చెప్పులు, సాక్సులు విప్పించి చూసే టైం దొరకడం లేదని ఏ డాక్టర్‌ను అడిగినా చెప్తాడు. అదే బయట కూర్చున్నప్పుడు అసిస్టెంట్ చెప్పులు విప్పించి ఉంచితే నేను తప్పించుకోలేను. వేళ్ళ సందులు, మడమ, అరికాలు, గోళ్ళ పక్కలు చూడాలి. పాదం మీద, చీలమండ వెనక నాడి తగులుతోందా చూడాలి. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని సన్నని ప్లాస్టిక్ పోగు వస్తుంది. పేషెంట్ కళ్ళు మూసుకోవాలి, పోగు వంగేంత వరకు ఆనించి ఒకటి రెండు సెకన్లు పెట్టి తీయాలి, తగిలినప్పుడు "ఆ" అనమనాలి. కాయ కాసిన చర్మం మీద పెట్టకూడదు. "తగిలిందా?" అని అడుగుతూ పోతే అందరూ అవుననే అంటారు. అడగకుండా, ఒకసారి పెట్టి ఒకసారి పెట్టకుండా చూడాలి.

పీఏ_రెండోఏడు
పర్కషన్ గురించి ఎవరూ చెప్పలేదు. నా వేళ్ళకు ఏ శబ్దమూ రావడం లేదు.

పిల్లలవార్డు_సిస్టర్
చెల్లె, ఎడమచేతి మధ్యవేలు మాత్రమే ఒంటికి గట్టిగా ఆనాలి, మిగతా వేళ్ళు లేచి ఉండాలి. కుడిచేతి మధ్యవేలి కొసతో దాని చివరి కణుపు మీద కొట్టాలి. మణికట్టు ఊగాలి, మోచెయ్యి కదలకూడదు. కొట్టగానే వేలు తీసేయాలి, అక్కడే ఆనించి ఉంచితే శబ్దం చచ్చిపోతుంది. కుడిచేతి గోరు తీసెయ్. ఇంట్లో నీ తొడ మీద, తర్వాత నీ పొట్ట మీద, తర్వాత కాలర్ ఎముక కింద కొట్టి చూసుకో, మూడూ మూడు రకాలుగా పలుకుతాయి. ఈ విద్య కనిపెట్టి 1761లో పుస్తకం రాసిన ఆస్ట్రియా డాక్టర్ ఔయెన్‌బ్రుగ్గర్ ఒక సత్రం యజమాని కొడుకు. పీపాలో వైన్ ఎంతవరకు ఉందో తట్టి చూసేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూసినవాడు.

కాజీపేట_ఫిజీషియన్
అసిస్టెంట్లకు పర్కషన్ ఆఖర్న పెట్టుకోండి, తొందర లేదు. కడుపు పరీక్ష మాత్రం వరుస మార్చి నేర్పాలి. ముందు చూడాలి, తర్వాత వినాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ముందే నొక్కితే పేగుల శబ్దాలు మారిపోతాయి. మోకాళ్ళు మడిపించి, నొప్పి ఎక్కడుందో అడిగి, దానికి దూరంగా మొదలుపెట్టాలి. కళ్ళు చేతి మీద కాదు, పేషెంట్ మొహం మీద ఉండాలి. మన ఆడవాళ్ళు చాలామంది నొప్పిని నోటితో చెప్పరు, కనుబొమలు చెప్తాయి. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే జ్వరం కేసుల్లో ప్లీహం (స్ప్లీన్, ఎడమ డొక్క కింద ఉండే అవయవం) చూడాలంటే కుడివైపు పొత్తికడుపు నుంచి మొదలుపెట్టి ఎడమ డొక్క వైపు పైకి రావాలి. ఎడమ డొక్క దగ్గరే మొదలుపెడితే బాగా పెరిగిన ప్లీహం చేతి కిందే ఉన్నా అంచు దొరకదు. గట్టిగా పొడవకూడదు, పెరిగిన ప్లీహం చిట్లే ప్రమాదం ఉంది. ఇది కూడా డాక్టర్ పక్కనున్నప్పుడే.

హనుమకొండ_ఇన్‌చార్జ్
నేర్పాక పరీక్ష ఎలా పెట్టాలి? రాత పరీక్ష పెడితే అందరూ పాసవుతారు, అది నాకొద్దు.

పిల్లలవార్డు_సిస్టర్
స్టేషన్లు పెట్టండి. స్కాట్లండ్‌లోని డండీలో హార్డెన్ 1975లో మొదలుపెట్టిన పద్ధతే, మన మెడికల్ కాలేజీల్లో, నర్సింగ్ కాలేజీల్లో ఓస్కీ అంటున్నది. ఒక బల్ల దగ్గర బీపీ, ఇంకో దగ్గర శ్వాస వీడియో, ఇంకో దగ్గర షుగర్ కాలు. బెల్ కొడితే పక్క బల్లకు పోవాలి. చూసేవాళ్ళ చేతిలో చెక్‌లిస్ట్ ఉండాలి, పేరు చెప్పాడా, చేతులు కడిగాడా, అడిగాడా, 5 నిమిషాలు కూర్చోబెట్టాడా, చూసిందే రాశాడా అని. నేర్పేటప్పుడు మాత్రం ముందు మాట్లాడకుండా మొత్తం ఒకసారి చేసి చూపించండి. తర్వాత మెట్టు మెట్టుకు ఆగి ఎందుకో చెప్తూ చేయండి. మూడోసారి వాళ్ళు చెప్తుంటే మీరు చేయండి. నాలుగోసారి వాళ్ళే చేయాలి. మూడో మెట్టు చాలామంది ఎగ్గొడతారు, ఎవరికి ఏం అర్థం కాలేదో బయటపడేది అక్కడే.

మోడరేటర్
చర్చ బాగా సాగుతోంది. పేషెంట్ల ఫొటోలు, కేస్ షీట్ల ఫొటోలు మాత్రం ఎవరూ పెట్టొద్దు. వచ్చిన ఒకదాన్ని తీసేశాను.

పీఏ_రెండోఏడు
ఒక విషయం అడగాలి. పోస్టింగ్‌లో నేను ఒక పెద్దాయన శ్వాస నిండా నిమిషం లెక్కపెట్టి 30 రాశాను. పైవాళ్ళు చూసి "అంతెందుకుంటుంది, 20 చెయ్యి" అన్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? ఎదురు చెప్తే పోస్టింగ్ మార్కులు వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి.

క్యాజువాలిటీ_రాత్రిడ్యూటీ
దిద్దొద్దు చెల్లె. "సార్, మీరు కూడా నాతో ఒక్క నిమిషం లెక్కపెడతారా" అని అడుగు. మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. వాళ్ళకు వేరే అంకె వస్తే నీది కొట్టేయకుండా దాని కింద వాళ్ళది, టైం వేసి, ఎవరు చూశారో పేరు రాయించు.

కాజీపేట_ఫిజీషియన్
30 అంటే అక్కడ నిలబడి వాదించే అంకె కాదు, నన్ను లేపే అంకె. పైవాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చెయ్. "ఫలానా బెడ్, శ్వాస 30, నిండా నిమిషం లెక్కపెట్టాను, మాట్లాడుతుంటే మధ్యలో ఆగుతున్నారు" అని ఉన్నది చెప్పు. మార్కుల సంగతికొస్తే, మీ కోఆర్డినేటర్‌కు రాసి ఇవ్వు, పేషెంట్ వివరాలు లేకుండా. మీ బ్యాచ్ మొత్తం కలిసి రాస్తే ఇంకా మంచిది.

హనుమకొండ_ఇన్‌చార్జ్
మా షీట్‌లో శ్వాస గడి పక్కన ఎన్ని సెకన్లు లెక్కపెట్టారో, ఏ టైమో, ఎవరు చూశారో రాయడానికి మూడు గడులు అదనంగా ప్రింట్ చేయిస్తున్నాను. బీపీకి ఏ చేయి, ఏ సైజు కఫ్ అని కూడా. లావు చేతుల కఫ్ మా దగ్గర ఒక్కటీ లేదు, ఇవాళే ఇండెంట్ పెట్టాను. సార్, ఆ టీచింగ్ స్టెతస్కోప్ హనుమకొండలో సర్జికల్ షాపుల్లో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచి తెప్పించాలా?

కాజీపేట_ఫిజీషియన్
మీరు కొనే దాకా నాది వాడుకోండి. ఆదివారం ఓపీ అయ్యాక తెచ్చి ఇస్తాను, ఒక గంట కూర్చుంటాను కూడా. పిల్లలను ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకండి, ఒకరి చేయి ఒకరు చూసుకోవాల్సి ఉంటుంది. పొట్టి చేతుల చొక్కాలు వేసుకు రమ్మనండి.

నర్సంపేట_పల్లెదవాఖాన
మాకు ఆదివారం వీలైతే ఇద్దరు ఆశాలను తీసుకుని నేనూ వస్తాను. తండా నుంచి ఒక అమ్మను కూడా అడుగుతాను, ఆమెకు ఇష్టమైతేనే. చార్జీలు, భోజనం మీరు చూసుకోవాలి.

హనుమకొండ_ఇన్‌చార్జ్
తప్పకుండా అక్కా. అమ్మగారికి బస్టాండ్ నుంచి ఆటో కూడా పంపిస్తాను. పొద్దున 11కి మొదలుపెడదాం.